ఇంటి షెడ్డులో చిన్న షేపింగ్ మిషన్ తయారు చేసుకోవడం సాధ్యమేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇంటి వెనుక పది అడుగుల షెడ్డు ఉంది. అందులో వెల్డింగ్ మిషను, నిలువు డ్రిల్లింగ్ మిషను, చేతి గ్రైండరు ఉన్నాయి, లేత్ లేదు. ఇనుప దిమ్మల ముఖాలు చదును చేయడానికి, పుల్లీలలో కీ (పుల్లీని షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న ముక్క) గాడులు కోయడానికి మీరే సొంతంగా ఒక షేపింగ్ మిషను కట్టుకోవాలనుకుంటున్నారు. అది సాధ్యమేనా, ఎంత మోటారు కావాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి, తరువాత దాని మీద గేర్లు కూడా కోయవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, సాధ్యమే. అయితే దెబ్బ పొడవు, అంటే కోసే టూలు ఒక్కసారి ముందుకు కదిలే దూరం, 150 మిల్లీమీటర్లకు, అంటే ఆరు అంగుళాలకు, మించకుండా చూసుకోండి. మోటారు 1 హార్స్ పవర్ సింగిల్ ఫేజ్ సరిపోతుంది. పని మాత్రం మోటారుతో మొదలుపెట్టకూడదు, రామ్ (టూలును మోస్తూ ముందుకూ వెనక్కూ కదిలే కడ్డీ) జారే స్లైడుతో మొదలుపెట్టాలి. ఆ స్లైడు తిన్నగా, బిగువుగా, ఆట (వదులు) లేకుండా వచ్చిందంటే మిగిలిన మిషను ఎలాగైనా కుదురుతుంది. అది కుదరకపోతే ఎంత పెద్ద మోటారు పెట్టినా జాబ్ (కోసే ఇనుప ముక్క) మీద అలలు తప్ప చదును రాదు. టూల్‌రూములో ఫిట్టర్‌గా చాలాకాలం పనిచేసి, ఇప్పుడు ఇంటి షెడ్డులోనే చిన్నచిన్న పనులు చేసుకుంటున్న నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న విషయం ఇదే.

ఒక మాట ముందే చెప్పాలి. మీ ఉద్దేశం కేవలం పని జరగడమే అయితే, మిషను కట్టడం కంటే పాతది కొనడం సులువు. బటాలాలోను, రాజ్‌కోట్‌లోను తయారైన 18 అంగుళాల, 24 అంగుళాల షేపర్లు ఒకప్పుడు మన ఊళ్లలో ప్రతి మోస్తరు వర్క్‌షాపులోను ఉండేవి. మిల్లింగ్ మిషన్లు, ఆ తరువాత సీఎన్‌సీ మిషన్లు వచ్చాక వాటిని పక్కన పెట్టేశారు. ఇప్పుడవి చాలాచోట్ల పాత ఇనుము లెక్కన తూకానికి అమ్ముడవుతున్నాయి. అయితే 18 అంగుళాల షేపరు బరువు టన్ను అటూ ఇటూ ఉంటుంది. దానిని మీ సందులోకి తీసుకురావడం, ఆ బరువు మోయగల పునాది వేయడం పది అడుగుల షెడ్డుకు భారమే. చిన్న షేపర్లు కూడా ప్రపంచంలో లేకపోలేదు. ఇంగ్లండులోని షెఫీల్డులో అడెప్ట్ అనే పేరుతో చేతితో నడిపే బల్ల షేపర్లు తయారయ్యేవి. అమెరికాలో అట్లాస్ కంపెనీ 7 అంగుళాల షేపరు చేసేది. అవి మన దేశంలో దొరకడం అరుదు. కాబట్టి చిన్నది కావాలంటే కట్టుకోవాలన్న మీ ఆలోచన సరైనదే.

ఈ మిషను చేసే పని ఏమిటి

వడ్రంగి చిత్రిక పట్టినట్టే షేపరు ఇనుమును చిత్రిక పడుతుంది. ఒకే అంచు ఉన్న టూలు ముందుకు వెళుతూ సన్నని గీతగా లోహాన్ని తీస్తుంది, ఖాళీగా వెనక్కి వస్తుంది, జాబ్ కొద్దిగా పక్కకు జరుగుతుంది, టూలు మళ్లీ ముందుకు వెళుతుంది. 1836లో జేమ్స్ నాస్మిత్ రూపొందించినప్పటి నుంచి ఈ సూత్రం మారలేదు. ఇంట్లో కట్టడానికి మిల్లింగ్ మిషను కంటే షేపరే అనువైనదని నేను చెప్పడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. మిల్లింగుకు ఊగకుండా తిరిగే స్పిండిలు, మంచి బేరింగులు, ఖరీదైన కట్టర్లు కావాలి. షేపరుకు ఒక తిన్నని కదలిక, గ్రైండరు మీద మీరే పదును పెట్టుకోగల ఒక హెచ్.ఎస్.ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ బిట్ చాలు.

నెమ్మదితనం దీని లోపం. వంద మిల్లీమీటర్ల వెడల్పున్న పలకను దెబ్బకు 0.2 మిల్లీమీటర్ల ఫీడుతో (జాబ్ పక్కకు జరిగే దూరంతో) చదును చేయాలంటే 500 దెబ్బలు కావాలి. నిమిషానికి 48 దెబ్బల చొప్పున ఒక్క కోతకు పది నిమిషాలకు పైగా పడుతుంది. ఇంట్లో పని చేసుకునేవారికి అది పెద్ద ఇబ్బంది కాదు. కూలి లెక్కన పని చేయాలనుకుంటే మాత్రం ఇది గిట్టదు.

శక్తి లెక్క, మోటారు ఎంపిక

చాలామంది మోటారు గురించే ముందు అడుగుతారు కాబట్టి ఆ లెక్క చెప్పి ముందుకు వెళతాను. మైల్డ్ స్టీలును కోయడానికి చదరపు మిల్లీమీటరు కోతకు సుమారు 2000 నుంచి 2500 న్యూటన్ల బలం పడుతుంది. మీరు 1 మిల్లీమీటరు లోతు, 0.25 మిల్లీమీటర్ల ఫీడు పెట్టారనుకోండి. కోత వైశాల్యం 0.25 చదరపు మిల్లీమీటర్లు, బలం 550 న్యూటన్ల దాకా, అంటే దాదాపు 55 కిలోల తోపు. నిమిషానికి 13 మీటర్ల వేగంతో ఆ తోపుకు కావలసిన శక్తి 120 వాట్లు మాత్రమే. స్లైడు రాపిడి, గేరుబాక్సు నష్టాలు, దెబ్బ మధ్యలో పెరిగే వేగం అన్నీ కలుపుకున్నా అర హార్స్ పవర్ బొటాబొటిగా సరిపోతుంది. ఒకటి ఉంటే నిశ్చింతగా ఉంటుంది. రెండు పెట్టడం వల్ల లాభమేమీ లేదు. టూలు ఎక్కడైనా ఇరుక్కున్నప్పుడు విరిగే భాగాల సంఖ్య పెరుగుతుందంతే.

మోటారు వేగం నిమిషానికి 1440 చుట్లు. దానిని 48 దెబ్బలకు తగ్గించడానికి పెద్ద పుల్లీలు, గేర్లు వరుసగా కట్టడం కంటే, 30కి 1 నిష్పత్తి ఉన్న పాత వర్మ్ గేరుబాక్సు ఒకటి వెతుక్కోండి. 1440ని 30తో భాగిస్తే సరిగ్గా 48 వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోను, హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల్లోను పాత సామాను దుకాణాల్లో ఇటువంటివి వెతికితే దొరుకుతాయి. కొనేముందు బయటి షాఫ్టును చేత్తో పట్టుకొని అటూ ఇటూ ఆడించి చూడండి. లోపలి కంచు చక్రం పళ్లు అరిగి ఉంటే అక్కడే ఆట తెలిసిపోతుంది. మోటారును గేరుబాక్సుకు నేరుగా కప్లింగుతో బిగించకండి, మధ్యలో ఒక వి-బెల్టు ఉంచండి. టూలు ఇరుక్కుంటే బెల్టు జారి మిషనును కాపాడుతుంది. రెండు వైపులా మెట్ల పుల్లీలు వేస్తే 32, 48, 72 దెబ్బలు మార్చుకోవచ్చు. అంతకంటే వేగం వద్దు. వెనక్కీ ముందుకూ పరిగెత్తే బరువు వల్ల పుట్టే అదురు వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. తేలికైన ఇంటి మిషను దానిని తట్టుకోలేదు.

పీఠం, స్తంభం: బరువే బలం

నేను చూసిన ఇంటి షేపర్లలో సగానికి పైగా చెడిపోయింది ఇక్కడే. చేతిలో వెల్డింగ్ మిషను ఉంది కదా అని యాంగిల్స్, చదరపు గొట్టాలతో బల్లలాంటి చట్రం కట్టి, దాని మీద మిషను నిలబెడతారు. చూడటానికి గట్టిగానే ఉంటుంది, కోత పడగానే ట్యూనింగ్ ఫోర్కులా మోగుతుంది. మీరు ఆరంగుళాల షేపరు కడుతున్నప్పుడు మొత్తం బరువు 150 కిలోలకు తక్కువ కాకుండా చూసుకోండి. పైన చెప్పిన అట్లాస్ 7 అంగుళాల షేపరు, పోత ఇనుముతో చక్కగా రూపొందించినదే అయినా, అంత బరువు ఉంటుంది.

ఆ బరువు ఎలా వస్తుందంటే, 16 మిల్లీమీటర్ల మందం, 300 బై 600 కొలతలున్న ఒక్క పలకే 22 కిలోలకు పైగా తూగుతుంది. అటువంటి పలకలు నాలుగైదు కలిసి డబ్బాలా నిలబడిన స్తంభం, కింద 20 మిల్లీమీటర్ల పీఠం పలక ఉంటే సగం దారి వచ్చేసినట్టే. స్తంభం లోపలి ఖాళీని కుంచించుకుపోని రకం సిమెంటు గ్రౌటుతో నింపితే బరువూ పెరుగుతుంది, మోత కూడా అణుగుతుంది. ఇది కొత్త ఉపాయం కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పోత ఇనుము పీఠాలు పోయడానికి వ్యవధి చాలక, ఫిరంగి గుండ్లను తొలిచే పెద్ద లేత్‌లకు అమెరికాలో కాంక్రీటు పీఠాలు వేసి పని నడిపించారు. నా పరిచయస్థుల్లో ఒకరు మోగుతున్న స్తంభంలో గ్రౌటు నింపి చూశారు. అదే టూలు, అదే కోత లోతుతో జాబ్ మీద కనిపించే అలలు కంటికి ఆననంతగా తగ్గిపోయాయి.

వెల్డింగు విషయంలో జాగ్రత్త అవసరం. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతూ పలకలను తన వైపు లాగుతుంది. ఒకవైపే పొడవుగా కుట్టుకుంటూ పోతే 16 మిల్లీమీటర్ల పలక కూడా వంగుతుంది. రెండంగుళాల చొప్పున ఎదురెదురు వైపుల మార్చి మార్చి కుట్టండి. కుదిరితే మొత్తం స్తంభాన్ని హీట్ ట్రీట్‌మెంట్ షాపుకు ఇచ్చి 600 డిగ్రీల దగ్గర, అంగుళం మందానికి ఒక గంట చొప్పున ఉంచి, కొలిమిలోనే నెమ్మదిగా చల్లారనివ్వమని చెప్పండి. స్లైడులు కూర్చునే ముఖాలను వెల్డింగూ, ఈ వేడి పనీ పూర్తయిన తరువాతే చదును చేయించాలి. స్లైడు పట్టీలను బోల్టులతో బిగించాలి, ఎట్టి పరిస్థితిలోనూ వెల్డ్ చేయకూడదు. ఒక యువకుడు తన మిషనును చూడమని నన్ను పిలిచాడు. రామ్ రెండు చివరలా వదులుగా, మధ్యలో బిగుసుకుపోయి ఉంది. పట్టీలను గట్టిగా ఉంటుందని వెల్డ్ చేశాడు, అవి విల్లులా లోపలికి వంగాయి. పట్టీలను కోసి తీసేసి, ముఖాన్ని మళ్లీ గ్రైండు చేయించి, బోల్టులతో బిగిస్తేగాని ఆ మిషను దారికి రాలేదు.

రామ్, దాని స్లైడు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కంపెనీ షేపర్లలో రామ్ డవ్‌టెయిల్ గాడిలో జారుతుంది. ఆ ఏటవాలు గాడి కోయడానికి మరో షేపరో మిల్లింగో కావాలి కాబట్టి ఇంటి పనికి అది అనువు కాదు. దానికి బదులు చదరపు రామ్, దాని చుట్టూ బోల్టులతో బిగించిన పట్టీలు ఉండే పెట్టె పద్ధతి తీసుకోండి. 65 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ 500 మిల్లీమీటర్ల పొడవు ముక్క ఒకటి కొని, నాలుగు ముఖాలూ సర్ఫేస్ గ్రైండింగ్ చేయించండి. బరువు 16 కిలోల పైచిలుకు ఉంటుంది. ఈ గ్రైండింగు ఖర్చు దగ్గర పొదుపు చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. మొత్తం మిషనులో బయటివారి చేత తప్పనిసరిగా చేయించవలసిన పని ఏదైనా ఉంటే అది ఇదే.

రామ్‌ను పట్టి ఉంచే దారి పొడవు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కారణం చెబుతాను. టూలు మొన రామ్ మధ్యరేఖకు దాదాపు 150 మిల్లీమీటర్ల కింద ఉంటుంది. కోత పడినప్పుడు 550 న్యూటన్ల బలం టూలును వెనక్కి నెడుతుంది. అప్పుడు రామ్ ముక్కు కిందికి వంగడానికి, తోక పైకి లేవడానికి చూస్తుంది. ఆ తిప్పును దారి రెండు చివరలూ పంచుకుంటాయి; దారి 250 ఉంటే ఒక్కో చివర పడే భారం 330 న్యూటన్లు, 125 మాత్రమే ఉంటే 660 న్యూటన్లు. పొడవు తగ్గినకొద్దీ భారం పెరగడమే గాక, అదే కొద్దిపాటి ఆట టూలు మొన దగ్గర రెండింతలై కనిపిస్తుంది. వెనుక భాగంలో రామ్‌ను పైనుంచి అదిమిపట్టే పట్టీకి అందుకే మందం, బోల్టులు ఎక్కువ ఉండాలి. అందరూ కింది పట్టీ మీద చూపే శ్రద్ధ పై పట్టీ మీద చూపరు.

మెత్తని ఉక్కు మీద మెత్తని ఉక్కు జారితే కొద్దికాలానికే ఒకదానినొకటి పట్టుకొని గీసుకుపోతాయి. రామ్ ఉక్కుదైతే దానికి తగిలే పట్టీలు పోత ఇనుమువి గాని గన్ మెటల్ (ఒక రకం కంచు)వి గాని ఉండాలి. పాత లేత్ బెడ్డు ముక్కలు, చెడిపోయిన సర్ఫేస్ ప్లేట్లు పాత ఇనుము దుకాణంలో కనిపిస్తే వదలకండి. ఏళ్ల తరబడి వాడకంలో ఉన్న పోత ఇనుములో లోపలి ఒత్తిళ్లు చాలావరకు సర్దుకొని ఉంటాయి కాబట్టి అది కొత్తగా పోసినదానికంటే నిలకడగా ఉంటుంది. ఒక పక్క పట్టీ వెనుక మూడు నాలుగు సర్దుబాటు స్క్రూలు పెట్టి, దానిని జిబ్‌గా, అంటే ఆటను తగ్గించే పట్టీగా, వాడుకోండి. అరుగుదల వచ్చినప్పుడు దానితోనే సరిచేసుకుంటారు.

ఇక స్క్రేపింగ్. గ్రైండింగు అయ్యాక కూడా బిగించిన పట్టీలు రామ్‌కు అంతటా సమానంగా ఆనవు. రామ్ ముఖానికి ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు పలుచగా పూసి, పట్టీల మధ్య ఒకసారి జరిపి తీస్తే ఎక్కడ తగులుతోందో అక్కడ నీలం అంటుకుంటుంది. ఆ చుక్కలను మాత్రమే స్క్రేపరుతో గీకాలి. స్క్రేపరును పాత ఆకురాయి కొనను గ్రైండు చేసి మీరే తయారు చేసుకోవచ్చు. గీకిన ప్రతిసారీ పోయేది కొన్ని మైక్రాన్లే. మళ్లీ నీలం పూయాలి, మళ్లీ చూడాలి, మళ్లీ గీకాలి. చదరపు అంగుళంలో పది పన్నెండు చుక్కలు సమంగా పరుచుకునే దాకా ఇది సాగాలి. చుక్కల మధ్య మిగిలిన సన్నని లోతుల్లో నూనె నిలబడుతుంది, అందుకే గ్రైండు చేసిన ముఖం కంటే స్క్రేప్ చేసిన ముఖం హాయిగా జారుతుంది. ఈ పనిని చూసి చాలామంది వెనుకాడతారు. నా మాట నమ్మండి, చేయి తిరిగితే దీనికంటే తృప్తినిచ్చే పని ఫిట్టింగులో మరొకటి లేదు. కందెనగా 68 గ్రేడు స్లైడ్‌వే ఆయిల్ వాడండి, గ్రీజు వద్దు. గ్రీజు ఇనుప రజనును పట్టుకొని సానరాయిలా అరగదీస్తుంది.

మోటారు లేకుండా మొదట చేత్తో నడపండి. రామ్ వెనుక ఒక పొడవాటి పిడి కట్టి, కొద్దిరోజులు చేత్తోనే తోసి పని చేయండి. ఎక్కడ బిగుసుకుంటోంది, ఎక్కడ వదులవుతోంది అన్నది చేతికి తెలిసినంతగా ఏ కొలత పరికరానికీ తెలియదు. డయల్ గేజును రామ్ ముక్కుకు బిగించి, దాని మొనను బల్ల మీద పెట్టిన గ్రైండెడ్ పలకకు ఆనించి, దెబ్బ పొడవునా నడపండి. 150 మిల్లీమీటర్లలో ముల్లు 0.03కు మించి కదలకపోతే మోటారు బిగించే అర్హత మిషనుకు వచ్చినట్టు.

నడిపించే యంత్రాంగం

సాదా క్రాంకు, కనెక్టింగ్ రాడ్డు పెట్టినా రామ్ నడుస్తుంది. ముందుకూ వెనక్కూ పట్టే సమయం దాదాపు సమానంగా ఉంటుంది, అంతే తేడా. ఐటీఐలో చెప్పే క్విక్ రిటర్న్, అంటే రామ్ వెనక్కి త్వరగా రావడం, కావాలంటే చీలిక ఉన్న రాకర్ ఆర్మ్ (కింది కొన మీద ఊగే చేయి) కట్టాలి. అది కూడా కష్టమేమీ కాదు. కింద పివట్ నుంచి క్రాంకు కేంద్రానికి 180, పివట్ నుంచి ఆర్మ్ పై కొనకు 360 మిల్లీమీటర్లు పెట్టుకుంటే, 37.5 మిల్లీమీటర్ల క్రాంకు వ్యాసార్ధానికి 150 మిల్లీమీటర్ల దెబ్బ వస్తుంది. కోతకు క్రాంకు 204 డిగ్రీలు, తిరిగి రావడానికి 156 డిగ్రీలు తిరుగుతుంది. క్రాంకు పిన్నును లోపలికి జరిపితే దెబ్బ తగ్గుతుంది కాబట్టి పిన్నుకు జరిగే గాడి ఉంచండి.

ఆర్మ్‌లో పొడవాటి చీలికను మిల్లింగు లేకుండా ఎలా కోయాలని మీకు సందేహం వస్తుంది. కోయనవసరం లేదు. రెండు గ్రైండెడ్ పట్టీలను పక్కపక్కన నిలిపి, పైన కింద ఒకే మందం ఉన్న రెండు ముక్కలు మధ్యలో పెట్టి బోల్టులు వేస్తే చీలిక దానంతట అదే ఏర్పడుతుంది. అందులో జారే దిమ్మ గన్ మెటల్‌ది అయితే మన్నుతుంది. ఆర్మ్ పై కొన వంపుగా తిరుగుతుంది, రామ్ తిన్నగా కదులుతుంది. ఆ తేడాను సర్దడానికి రెంటి మధ్య ఒక చిన్న లింకు ఉండాలి. క్రాంకు పళ్లెం, పిన్నులు, బుష్షులు మీ ఊరి లేత్ షాపులో ఒక్కసారే చేయించుకోండి.

టూలు తల, క్లాపర్ బాక్సు, ఫీడు

టూలును పైకీ కిందికీ జరిపే స్లైడును కొత్తగా కట్టకండి. పాత లేత్ నుంచి విడదీసిన కాంపౌండ్ స్లైడు దొరికితే దానిని నిలువుగా రామ్ ముక్కుకు బిగించవచ్చు. స్క్రూ, గుర్తుల చక్రం, జిబ్ అన్నీ సిద్ధంగా ఉంటాయి. బల్ల మీదికి నాలుగంగుళాల మిషన్ వైస్ కూడా పాతదే కొనండి.

క్లాపర్ బాక్సు అనేది చిన్న తలుపులాంటి భాగం. వెనక్కి వచ్చేటప్పుడు టూలు అంచు జాబ్ మీద ఈడ్చుకుపోకుండా ఇది పైకి తెరుచుకుంటుంది, ముందుకు వెళ్లేటప్పుడు మూసుకొని గట్టిగా ఆనుతుంది. దీని పిన్ను వదులైతే టూలు పక్కకు ఊగి ప్రతి గీతా ఒక్కోచోట పడుతుంది. తిన్నని పిన్నుకు బదులు టేపర్ రీమరుతో రంధ్రం సరిచేసి టేపర్ పిన్ను వేయండి. అరిగినప్పుడు కొద్దిగా లోపలికి కొడితే మళ్లీ బిగుసుకుంటుంది. టూలును కూడా ఎంత పొట్టిగా పట్టుకుంటే అంత మంచిది. బయటికి ఉన్న పొడవు సగానికి తగ్గితే దాని వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది.

ఫీడుకు 2 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న స్క్రూ, దాని కొనకు 20 పళ్ల రాచెట్ చక్రం (ఒకవైపే తిప్పే పళ్ల చక్రం) వేస్తే పన్నుకు 0.1 మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. క్రాంకు నుంచి వచ్చే కడ్డీ రాచెట్‌ను వెనుక దెబ్బలోనే లాగేలా అమర్చండి. కోత నడుస్తున్నప్పుడు బల్ల జరిగితే టూలు విరుగుతుంది. బల్ల ముందు భాగానికి కింది నుంచి ఒక ఊత కాలు తప్పక ఉండాలి.

కరెంటు, భద్రత

ఈ భాగాన్ని దయచేసి తేలికగా తీసుకోకండి. 1 హార్స్ పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నడుస్తున్నప్పుడు 6 నుంచి 7 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. కాబట్టి 16 ఆంపియర్ల పాయింటు, ప్రత్యేక తీగ, సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంపే స్విచ్చు) ఉండాలి. మామూలు స్విచ్చుతో నడపకండి, డీఓఎల్ స్టార్టరు పెట్టండి. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు మిషను తనంతట తాను కదలకూడదు. వేసవిలో కరెంటు పోయిందని వైసులో జాబ్ సర్దుతూ చేయి టూలు కింద ఉంచిన మనిషి మీదికి రామ్ దూకిందంటే ఆ చేయి మిగలదు. స్టార్టరులోని కాయిలు కరెంటు పోగానే వదిలేస్తుంది, మీరు మళ్లీ నొక్కితేనే పట్టుకుంటుంది. చేతికి అందేచోట పుట్టగొడుగు ఆకారపు ఎర్ర స్టాప్ బటను కూడా ఉండాలి.

రామ్ వెనక్కి కూడా పొడుచుకొస్తుంది కాబట్టి గోడకు, మిషనుకు మధ్య మనిషి నిలబడే సందు ఉంచకండి. వెనుక వైపంతా జల్లెడ తొడుగు వేసి మూసేయండి. బెల్టుకు, ఆర్మ్‌కు కూడా తొడుగు ఉండాలి. ముందువైపు వేడి చిప్పులు ఎగిరిపడతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. భుజం మీద తుండుగుడ్డ, లుంగీ, చేతి తొడుగులు ఏవీ పనికిరావు. చిప్పులను బ్రష్షుతోనే, అదీ మిషను ఆపాకే తుడవాలి. షెడ్డులోకి పిల్లలు వచ్చే వీలుంటే స్టార్టరుకు తాళం పెట్టండి.

కీ గాడులు, గేర్లు

మీరు అడిగిన కీ గాడుల సంగతి. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు 8 వెడల్పు, 7 ఎత్తు ఉన్న కీ వాడతారు. షాఫ్టులో 4 మిల్లీమీటర్లు, పుల్లీ లోపల 3.3 మిల్లీమీటర్ల లోతు గాడి కావాలి. పుల్లీ రంధ్రంలోకి వెళ్లాలంటే రామ్ ముక్కుకు ఒక పొడవాటి కడ్డీ, దాని కొనకు అడ్డంగా చిన్న టూలు బిట్ బిగించాలి. ఈ పనిలో క్లాపర్‌ను కదలకుండా బిగించేయాలి, లేకపోతే కడ్డీ రంధ్రంలో పైకి లేచి తగులుకుంటుంది. కడ్డీ వంగుతుంది కనుక దెబ్బకు 0.05 మిల్లీమీటర్లకు మించి దించకండి. చివరి లోతుకు చేరాక దించకుండా ఇంకో పదిసార్లు ఖాళీగా నడపండి. వంగిన కడ్డీ నెమ్మదిగా తిన్నబడుతూ మిగిలిన లోహాన్ని తీసేస్తుంది. రైసు మిల్లు పుల్లీలకు నేను ఇలాగే గాడులు కోస్తుంటాను. ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పును ఒకే టూలుతో కోయడం చిన్న మిషనుకు బరువు. ఆరు మిల్లీమీటర్ల టూలుతో మధ్యలో గాడి దించి, తరువాత రెండు పక్కలూ ఒక్కో మిల్లీమీటరు విప్పడం మేలు.

గేర్ల విషయానికి వస్తే, తిన్నని పళ్లున్న స్పర్ గేర్లు కోయవచ్చు. పంటి సందు ఆకారానికి టూలు గ్రైండు చేయాలి, ఖాళీ చక్రాన్ని సమాన భాగాలుగా తిప్పే ఇండెక్సింగ్ ప్లేటు కావాలి. విరిగిన గేరును మీ ముందు పెట్టుకొని, దాని పాడవని సందునే నమూనాగా తీసుకొని టూలును రుద్దుకోవడం అందరికీ అందుబాటులో ఉన్న దారి. ముందు నిటారు అంచుల టూలుతో సందులో ఎక్కువ భాగం తీసేసి, ఆకారం టూలును చివరి కొద్దిపాటి కోతకే వాడండి. పోత ఇనుము చక్రాలైతే ఈ చిన్న మిషను మీద కూడా మాడ్యూల్ (పంటి పరిమాణం కొలత) 2 వరకు హాయిగా వస్తాయి. ఉక్కు చక్రాలైతే మాడ్యూల్ 1.5 దాటకండి. పళ్లు ఏటవాలుగా ఉండే హెలికల్ గేర్లు దీని మీద కుదరవు, వాటి కోసం ప్రయత్నించవద్దు.

మీరు పలకలు కొనేముందు షెడ్డు నేల మందం ఎంత ఉందో, అది నాపరాళ్లు పరిచినదో కాంక్రీటుదో, తలుపు వెడల్పు ఎంతో రాయండి. స్తంభం ఎత్తు, పీఠానికి పునాది బోల్టులు ఎక్కడ పడాలన్నది దానిని బట్టి చెబుతాను.